పదిహేడో నంబరు ముక్క

నాయుడుపేట,
12 జులై 2024

సుల్తాన్ సార్‌కు నమస్కారాలు.

మీ ఫిట్టర్ కోర్సు 2011 బ్యాచ్‌లో ఒకే ఒక్క ఆడపిల్ల, శ్రీరంజని, రాస్తోంది. గుర్తులేదంటే మాత్రం ఊరుకోను. మొన్న ఫోన్ చేస్తే గౌసియా బీ అమ్మ ఎత్తారు. "ఆయనకు ఏమీ ఇనపడదు తల్లీ. ఫోన్ సెవి కాడ పెట్టినా గోడతో మాట్లాడినట్టే. జాబు రాయి, సదువుకుంటాడు" అన్నారు. ముప్పై నాలుగేళ్ళు సుత్తుల చప్పుడులో ఉన్న చెవులు కదా, పాపం. అందుకే ఈ ఉత్తరం.

కంపెనీలో ఆరేళ్ళు చేసి మానేశాను. జూన్‌లో ఇక్కడి పారిశ్రామికవాడ పక్కన ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రంలో ఫిట్టర్ కోర్సుకు మాస్టరుగా చేరాను. ఇరవై నాలుగు మంది పిల్లలు. అందులో నలుగురు ఆడపిల్లలు. ఇష్టపడి వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎందుకు చేరారని అడిగితే "యాడా సీటు రాలేదు మేడమ్, అందుకే ఈడ" అంటారు, అదేదో పద్ధతైన జవాబైనట్టు.

మీరు మాకిచ్చిన మొదటి పనే వాళ్ళకూ ఇచ్చాను. అరచేతిలో పట్టే ఇనుప ముక్క. ఆరు ముఖాలూ ఉక్కు ఆకురాయితో అరగదీసి చదును చేయాలి. మూలమట్టం ఆనించి కిటికీ వైపు ఎత్తి చూస్తే సందులోంచి వెలుతురు రాకూడదు. నెలయింది. ఇరవై నాలుగు ముక్కల్లోనూ వెలుతురు ధారాళంగా వస్తోంది.

నిన్న మధ్యాహ్నం రక్తం కూడా చూశాను. ఫ్యాను కింద ముక్క బిగించుకునే వైస్ నాదంటే నాదని ఇద్దరు తగువు పడ్డారు. కౌస్తుభ్ అనేవాడు పిడి ఊడిన ఆకురాయి తీసుకుని దాని మొన అష్ఫాక్ ముంజేతిలో దింపేశాడు. అష్ఫాక్ అరవలేదు. దాన్ని తన చేతిలోంచి తనే పెరికి, దాంతోనే కౌస్తుభ్ మూతి మీద కొట్టాడు. ఒక పన్ను ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. మిగతావాళ్ళు చుట్టూ నిలబడి ఫోన్లలో వీడియో తీస్తున్నారు. చేరిన నాటి నుంచి వాళ్ళు శ్రద్ధగా చేసిన పని అదొక్కటే.

కౌస్తుభ్ గురించే నా బెంగ. క్లాసులో అందరికంటే మంచి చెయ్యి వాడిది. వాళ్ళ నాయన సుదర్శనం గారికి తిరుపతిలో గుడి ఆఫీసులో ఉద్యోగం. చేర్పించిన రోజే, వాడి ముందరే, "మా ఇంట్లో సుత్తి పట్టినోడు లేడమ్మా. వీడికి సదువు అంటలేదు. కొట్టి దారిలో పెట్టండి, నేనేమీ అనుకోను" అన్నారు. వాడు నేల చూస్తూ నిలబడ్డాడు. ఫిబ్రవరిలో కంపెనీల వాళ్ళు అప్రెంటిస్‌లను ఎంచుకోవడానికి వస్తారు. ఈలోగా వీడు ఎవరినైనా చంపకుండా ఉంటే వీడి బతుకు బాగుపడుతుంది.

మీ గదిలో ఆకురాళ్ళ చప్పుడు తప్ప ఇంకో మాట వినబడేది కాదు. అదెలా చేశారు సార్? నాకు చెప్పండి.

మీ దగ్గర నేర్చుకున్న
శ్రీరంజని

*

చంద్రగిరి,
2 ఆగస్టు 2024

అమ్మా శ్రీరంజనీ,

నీ అక్షరాలు ఇంకా కుడివైపుకు పడిపోతూనే ఉన్నాయి. డ్రాయింగ్ క్లాసులో వందసార్లు చెప్పాను. ఎర్రసిరాతో దిద్ది వెనక్కి పంపుదామనుకుంటే గౌసియా నా పెన్ను లాక్కుంది.

నువ్వేం చేసి ఉంటావో నాకు తెలుసు. మొదటి రోజు అందరినీ నవ్వుతూ పలకరించి, మీ ఆశయాలేమిటి అని కాగితం మీద రాయించి ఉంటావు. ఈ కాలం మాస్టర్ల శిక్షణలో అదే చెబుతారట. ఆ కాగితాలు పొయ్యిలో పెట్టు.

నా పద్ధతి చెబుతాను. క్లాసులో అందరికంటే మొండివాణ్ణి చూసుకో. వాడి ముక్క తీసుకుని దాగలి దిమ్మ మీద పెట్టు. నాలుగు పౌండ్ల సుత్తితో, అందరూ చూస్తుండగా, మూలలు చితికిపోయేదాకా దంచు. నెల రోజుల కష్టం ఒక్క నిమిషంలో పోవాలి. వాడు కళ్ళెత్తి చూస్తే రెండడుగుల ఉక్కు స్కేలు ఉండనే ఉంది, వేళ్ళ కణుపుల మీద. అప్పటికీ వినకపోతే చెంప. అంతే. మిగతా ఇరవై ముగ్గురూ ఆ రోజు నుంచి నీ చూపుకే పని చేస్తారు.

మీ బ్యాచ్‌లో రోజుకు ఇద్దరికైనా పడేవి, నువ్వు చూశావు కదా. ఎవడైనా చెడిపోయాడా? చిత్తూరు బజారులో ఈ రోజుకీ నన్ను చూస్తే బండి ఆపి దణ్ణం పెడతారు. నా సర్వీసు మొత్తంలో ఒక్కడు ఎదురు తిరగలేదు.

నేను రాస్తుంటే గౌసియా భుజం మీదుగా చదివి ఏదో అంది. వినబడలేదన్నాను.

నీ మేలు కోరే
సుల్తాన్

*

నాయుడుపేట,
20 సెప్టెంబరు 2024

సార్‌కు నమస్కారాలు.

మీరు చెప్పినట్టే చేశాను. పని చేసింది!

పోయిన నెలలో ఒక సోమవారం కౌస్తుభ్ ముక్కను దాగలి మీద పెట్టి దంచాను. ఐదో దెబ్బకు వాడు "మేడమ్, అది బాగుండాది మేడమ్, ఒక్కతూరి సూడండి" అన్నాడు. చూడలేదు. చెయ్యి చాపమన్నాను. చాపాడు. స్కేలు అంచుతో కొడితే నాలుగు కణుపులూ చిట్లాయి. వాడు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అది చూసి ఒళ్ళు మండి ఇంకో రెండు కొట్టాను. నిజం చెప్పాలంటే, సార్, నాకు బాగనిపించింది. రెండు నెలలుగా నన్ను పురుగులా చూసిన ఇరవై నాలుగు మంది ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు. ఆ నిశ్శబ్దం మీ గదిలోదే.

అప్పటి నుంచి వారానికి రెండు మూడు సార్లు స్కేలు తీస్తున్నాను. ఫోన్లు సంచుల్లోకి వెళ్ళాయి. పని నడుస్తోంది. ప్రిన్సిపాల్ పంకజాక్షి మేడమ్ తలుపు దగ్గర నిలబడి చూసి, "ఇప్పుడు టీచరులాగా ఉన్నారు" అన్నారు.

ఇంకో విశేషం. తడ దగ్గర ఒక కంపెనీలో రేకులు నొక్కే ప్రెస్ షాపు భద్రత చూసుకునే భానుచందర్ గారిని పిల్లలతో మాట్లాడమని పిలిచాను. ఆయన రాగానే ఏ ఉపోద్ఘాతమూ లేకుండా కుడిచెయ్యి బల్ల మీద పెట్టారు. బొటనవేలు తప్ప మిగతా నాలుగు వేళ్ళూ లేవు. "రేకు సర్దతా ఉండాను. పక్కనుండే పిల్లోడు సెయ్యి తియ్ అని అరిసినాడు. ఎడమ పక్క నుంచి అరిసినాడు. నాకు ఆ సెవి ఇనపడదు. ప్రెస్ దిగింది. నొప్పి తెలీలేదు. సెయ్యి లాగితే తేలిగ్గా వచ్చేసింది. ఏళ్ళు ఆడనే ఉండాయి, రేకుకు అతుక్కోని" అన్నారు. షబ్రీన్ అనే అమ్మాయి బయటికి పరుగెత్తి వాంతి చేసుకుంది. కానీ మొహం కడుక్కుని తిరిగొచ్చి ముందు బల్ల మీద కూర్చుంది.

తరువాత ఏమైందనుకున్నారు? గంటసేపు పిల్లలు ప్రశ్నలే ప్రశ్నలు. ప్రెస్‌కు అడ్డు ఎందుకు పెట్టలేదు, రెండు చేతులతో నొక్కితేనే దిగేలా స్విచ్ పెట్టచ్చు కదా, ఆ అడ్డు ఎలా చేస్తారు, కొలత తప్పితే ఏమవుతుంది. కౌస్తుభ్ అయితే లేచి వెళ్ళి బోర్డు మీద బొమ్మ గీసి చూపించాడు. ఇదంతా స్కేలు మహిమే అనుకున్నాను.

అష్ఫాక్ "సెవికి ఏమైందన్నా?" అని అడిగాడు. "ఒక మాస్టరు" అని ఊరుకున్నారు. వెళ్ళేముందు నేను ఎవరి దగ్గర నేర్చుకున్నానని అడిగారు. మీ పేరు చెప్పాను. నా బల్ల మీద ఉన్న నా పాత ముక్క తీసుకుని, వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసి, మెల్లగా పెట్టేశారు. "నేనూ ఆడనే. తొంభై తొమ్మిది బ్యాచ్. నా ముక్క నంబరు పదిహేడు. సార్‌కు చెప్పు" అన్నారు.

చెప్పాను. ఏ మాస్టరు అని మాత్రం నేను అడగలేదు.

శ్రీరంజని

*

చంద్రగిరి,
9 అక్టోబరు 2024

శ్రీరంజనికి,

ఉత్తరం అందింది. ఇక్కడ నాలుగు రోజులుగా వాన. కోట రోడ్డులో నీళ్ళు నిలిచాయి.

స్కేలు ఎక్కడైనా పడేయి. చెయ్యి కూడా చేసుకోకు. ఎందుకని అడగకు.

ఆ మనిషిని మళ్ళీ క్లాసుకు పిలవద్దు. పదిహేడో నంబరు ఎవరో నాకు గుర్తు లేదు. చాలా బ్యాచ్‌లు.

సుల్తాన్

*

నాయుడుపేట,
18 నవంబరు 2024

సార్‌కు,

అక్షరాలు చూసి కోప్పడకండి. ఎడమచేత్తో రాస్తున్నాను. ఇది మూడు రోజులుగా రాస్తున్న ఉత్తరం.

మీరు చెప్పాక స్కేలు బీరువాలో పెట్టి తాళం వేశాను. చెయ్యి మాత్రం ఆపుకోలేకపోయాను.

ఈ నెల ఆరో తారీఖున కౌస్తుభ్ డ్రిల్లింగ్ మెషిన్ బెల్టు మీది మూత విప్పేసి పక్కన పెట్టాడు, పనికి అడ్డమొస్తోందని. వాడి తరువాత షబ్రీన్ వచ్చి నిలబడింది. వంగగానే జడ బెల్టులో చిక్కింది. నేను స్విచ్ ఆపేలోగా పిడికెడు జుట్టు చర్మంతో సహా ఊడింది. ఆ పిల్ల కేక ఇంకా నా చెవుల్లో ఉంది. నేను వెనక్కి తిరిగి కౌస్తుభ్‌ను కొట్టాను. అరచెయ్యి మొత్తం విప్పి, ఎంత బలముందో అంతా పెట్టి, చెవి మీద. వాడు పోయి వైస్ బల్లకు కొట్టుకుని పడ్డాడు. చెవిలోంచి రక్తం కాలర్ మీదికి కారింది. పైకి చూసి, "మీరూ మా నాయన మాదిరే" అన్నాడు.

లేచి రెండు పౌండ్ల సుత్తి తీసుకున్నాడు. అరలో వరసగా పెట్టిన ముక్కలన్నీ దాగలి మీదికి లాగి ఒక్కొక్కటే దంచాడు. నాలుగు నెలల పని. ఆపడానికి దగ్గరికి వెళ్ళాను. సుత్తి నా వైపు తిరిగింది. తలకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది.

ఇంతవరకూ అయితే మీకు రాసేదాన్నే కాదేమో. ఆ తరువాతదే రాయాలి. అష్ఫాక్ వాడి చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు. మిగతావాళ్ళు మీద పడ్డారు. కింద పడేసి కడుపులో తన్నారు. ఆపండ్రా అని అరిచాను. ఎవరూ ఆపలేదు. ఒకడు బీరువా అద్దం పగలగొట్టి స్కేలు తీశాడు. "సెయ్యి సాపరా" అన్నాడు. వాడు చాపలేకపోతే ఇంకొకడు పట్టుకుని చాపించాడు. కణుపుల మీద కొట్టారు. తరువాత చెంప. ఆ చెవి మీదే. నేను చేసినవన్నీ వరస తప్పకుండా చేశారు సార్. నేను నేర్పిన వాటన్నిట్లోకీ వాళ్ళకు బాగా వంటబట్టింది అదే.

కౌస్తుభ్ ఆసుపత్రిలో ఉన్నాడు. రెండు పక్కటెముకలు విరిగాయి. ఎడమ చెవి పొర చిరిగింది. సగమైనా వినబడుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. సుదర్శనం గారు వచ్చి మంచం పక్కన నిలబడి క్షమాపణ అడిగింది కొడుకును కాదు, నన్ను. ఆ మాటకు నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

పంకజాక్షి మేడమ్ ఫిర్యాదు రాసి తెచ్చారు. "విద్యార్థి కౌస్తుభ్ ఏ కారణమూ లేకుండా సుత్తితో దాడి చేసి" అని మొదలవుతుంది. చెంపదెబ్బ అందులో లేదు. పిల్లలు కొట్టింది కూడా లేదు, వాడు పారిపోతూ పడ్డాడని ఉంది. నా సంతకం కావాలి. నెలాఖరు దాకా గడువు అడిగాను. వాడికి పద్దెనిమిది నిండాయి. సంతకం పెడితే హత్యాయత్నం కేసు, జైలు. ఇక వాడికి పని ఎవరిస్తారు?

ఎందుకని అడగొద్దన్నారు. అడుగుతున్నాను. భానుచందర్ గారి చెవి కొట్టింది మీరేనా? నేను సంతకం పెట్టాలా?

శ్రీరంజని

*

చంద్రగిరి,
26 నవంబరు 2024

అమ్మా,

నేనే.

పదిహేడో నంబరు గుర్తు లేదని రాశాను. అబద్ధం. మూలలు చితికిన ఆ ముక్క నా బల్ల సొరుగులో ఉంది. ఇరవై అయిదేళ్ళుగా ఉంది. రిటైరైన రోజు బడి సామానంతా అప్పగించి అదొక్కటీ జేబులో వేసుకుని వచ్చాను.

ఆ పొద్దు భానుచందర్ ముక్క తెచ్చి నా ముందు పెట్టాడు. మూలమట్టం ఆనించి చూశాను. వెలుతురు రాలేదు. ఏ పక్కనుంచీ రాలేదు. చేరి నాలుగు వారాలైన కుర్రవాడి పని అంత నున్నగా ఉండదు. పై బ్యాచ్ వాడిది తెచ్చి తన నంబరు అచ్చు కొట్టుకున్నాడని అనుకున్నాను. దొంగ అన్నాను. "నాదే సార్, నేనే సేసినాను" అన్నాడు. అందరి ముందూ దంచాను. "నాదే సార్" అని మళ్ళీ అన్నాడు. నాకు ఎదురు చెప్పినవాడు అతనొక్కడే. చెవి మీద కొట్టాను. పడిపోయాడు. లేచినాక ఇంకోటి కొట్టాను, అదే చోట.

మరునాడు నా కళ్ళ ముందు చేయమని కొత్త ముక్క ఇచ్చాను. చెవిలో దూది పెట్టుకుని చేశాడు. మళ్ళీ అంతే నున్నగా చేశాడు. అప్పుడు నాకు తెలిసిపోయింది. తప్పు నాదని అనలేదు. "ఊఁ" అని పక్కన పెట్టాను. అది నేను ఆ పిల్లవాడికి ఇచ్చిన మెప్పు.

ప్రెస్ కింద అతని చెయ్యి పోయిందని మీ బ్యాచ్ చదువుతుండగానే కబురు వచ్చింది. ఎడమ పక్కనుంచి అరిచింది వినబడలేదని చెప్పారు. ఆ పొద్దు మధ్యాహ్నం నేను క్లాసు వదిలేసి వెళ్ళిపోయాను, నీకు గుర్తుండాలి. చూడటానికి పోలేదు. మరునాడు వచ్చి ముందుకంటే గట్టిగా కొట్టాను, అదీ నీకు గుర్తుండాలి. కొట్టడం మానేస్తే అతని చెయ్యి తీసింది నేనేనని ఒప్పుకున్నట్టు. కొడుతూనే ఉంటే అది నా పద్ధతి. ఇన్నాళ్ళూ అలా బతికాను. గౌసియాకు అంతా తెలుసు. నాకు వినబడదని తెలిసీ రోజూ చెబుతూనే ఉంది.

ఇప్పుడు నీ సంగతి. నువ్వొక పొరపాటు చేశావు, నేను చేయించాను. నిన్ను నేను ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. ఆడపిల్ల మీద చెయ్యి చేసుకోకూడదని. నీ ముక్కలో వెలుతురు వస్తే ఏం చేసేవాణ్ణి? నీ వైస్ పక్కన గొంతుక్కూర్చుని ఎక్కడ ఎత్తుగా ఉందో సుద్దముక్కతో గీసి చూపించేవాణ్ణి. మోచెయ్యి ఎలా ఆడాలో పట్టుకుని చూపించేవాణ్ణి. నువ్వు పని నేర్చుకున్నది అలా. కానీ నీకు గుర్తున్నది పక్క వైస్‌ల దగ్గర పడుతున్న దెబ్బలు. దెబ్బలు తినని దానివి కనుక వాటి వల్లే పని వచ్చిందనుకున్నావు. నీతో చదివిన పంతొమ్మిది మంది మగపిల్లలు ఏమి నేర్చుకున్నారో నేనెప్పుడూ అడగలేదు. దణ్ణం పెడితే సంతోషించాను.

భానుచందర్ వచ్చిన రోజు పిల్లలు ప్రశ్నలు వేసింది స్కేలు మహిమ కాదమ్మా. ఆ ముక్క నున్నగా ఎందుకుండాలో వాళ్ళకు మొదటిసారి ఒక మనిషి చెప్పాడు. నేను ముప్పై నాలుగేళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు.

సంతకం మాట. ఆ కాగితం మీద పెట్టకు. నువ్వే ఇంకో కాగితం రాయి, మొదటి నుంచీ రాయి. సుత్తి దగ్గర మొదలుపెట్టకు. నీ చెయ్యి దగ్గర మొదలుపెట్టు. దాని వల్ల నీకు ఏం పోతుందో నాకు తెలుసు. అయినా రాయి. నేను రాయలేదు కనుక చెబుతున్నాను.

నేను తడ వెళుతున్నాను.

సుల్తాన్

*

నాయుడుపేట,
21 ఫిబ్రవరి 2025

సార్‌కు నమస్కారాలు.

రాశాను. ఎడమచేత్తో, నాలుగు పేజీలు. ఆగస్టులో స్కేలు తీసిన రోజు నుంచి మొదలుపెట్టాను. స్టేషన్‌లో ఎస్సై చదివి, "ఇది ఫిర్యాదా, ఒప్పుకోలా మేడమ్? ఎవరి మీద కేసు కట్టాల?" అన్నాడు. నా మీదే కట్టమన్నాను. కౌస్తుభ్‌ను, వాళ్ళ నాయనను పిలిపించి అడిగారు. వాడు "నాకు ఎవురి మీదా కేసు వద్దు. నేనూ కొట్టినాను గదా" అన్నాడు. అక్కడితో ఆ ఫైలు మూశారు. పంకజాక్షి మేడమ్ మాత్రం నన్ను మూయకుండా వదల్లేదు. మార్చి ఆఖరుకు నా ఉద్యోగం అయిపోతుంది. ఇంకో మాస్టరు దొరకక అప్పటిదాకా ఉండనిచ్చారు.

ఆసుపత్రిలో వాడి కుడి పక్కకు వెళ్ళి కూర్చుని క్షమించమన్నాను. వాడు పైకప్పు చూస్తూ, "ఆ సోమవారం మీరు దంచిన ముక్క, మేడమ్. దాంట్లో ఎలుతురు రాలా. మీరు సూడనే లేదు" అన్నాడు. నేను ఏడ్చాను. వాడు ఏడవలేదు. "పోండి మేడమ్" అన్నాడు.

జనవరిలో వాడు తిరిగి వచ్చేసరికి క్లాసు శ్మశానంలా ఉంది. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. అష్ఫాక్ చేతులు జేబుల్లోంచి తీయడు. నేను స్కేలును అందరి ముందూ వైస్‌లో బిగించి రంపంతో రెండుగా కోయించాను. తరువాత కొత్త ఇనుప ముక్క ఒకటి బిగించి ఎడమచేత్తో అరగదీయడం మొదలుపెట్టాను. ఎంత ఘోరంగా చేశానంటే, సార్, మీరు చూస్తే నిజంగానే దంచేవారు. పూర్తయ్యాక బల్ల మీద పెట్టి, "తప్పులు పట్టండి" అన్నాను. ఎవరూ కదల్లేదు. షబ్రీన్ లేచింది, తలకు గుడ్డ కట్టుకుని ఉంది. మూలమట్టం ఆనించి కిటికీ వైపు ఎత్తి, "మేడమ్, ఇందులోంచి బస్టాండు కనపడతాంది" అంది. ఎవడో నవ్వాడు. తరువాత అందరూ నవ్వారు. వరసగా వచ్చి సుద్దముక్కతో నా తప్పులు గీశారు. ఆఖరున కౌస్తుభ్ వచ్చాడు. నా మోచెయ్యి పట్టుకుని, ఎత్తు సరిచేసి, "ఇట్ల" అన్నాడు.

ఆ రోజు నుంచి అదే పద్ధతి. ఎవరి ముక్కనైనా ముందు పక్కవాడు చూడాలి, గీత గీసి ఎక్కడో చెప్పాలి, చేతికివ్వాలి. దంచేది లేదు. భానుచందర్ గారు తన ప్రెస్ షాపులో రెండు మెషిన్లకు వేలు దూరకుండా అడ్డు కావాలని కొలతలు పంపారు. ఉత్తుత్తి పని కాదు, రేపు ఒక మనిషి దాని వెనక చెయ్యి పెడతాడు. ఆ మాట ఒకటే చెప్పాను. సాయంత్రం గంట కొట్టినా బల్లలు వదలలేదు. ఒక రోజు కౌస్తుభ్ చేసిన పట్టీ అర మిల్లీమీటరు తేడా వచ్చిందని అష్ఫాక్ గీత గీశాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కౌస్తుభ్ పిడికిలి బిగించాడు. తరువాత పట్టీ తీసుకుని మళ్ళీ వైస్‌లో బిగించాడు. నేను ఇంటికి పోయి దేవుడికి దీపం పెట్టాను.

పోయిన వారం కంపెనీల వాళ్ళు వచ్చారు. పదహారు మందిని తీసుకున్నారు. కౌస్తుభ్ పరీక్షలో మొదట వచ్చాడు, వైద్య పరీక్షలో తప్పాడు. ఎడమ చెవి. ఆ కాగితం వాడు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇంతకంటే సుత్తితో కొట్టినా బాగుండేది. భానుచందర్ గారు తమ పెద్ద మేనేజరుకు వాడు చేసిన అడ్డు చూపించి, "ప్రెస్ కాడ వద్దు సార్. టూల్ రూములో పెట్టండి. ఈ పిల్లోడి ఎడమ పక్క నేను నిలబడతా" అన్నారట. ఏప్రిల్‌లో చేరమన్నారు, ఆరు నెలలు చూసి చెబుతామన్నారు. వాడికి దక్కవలసినది ఇంత కాదు. ఇంతే దక్కింది.

మీరు తడ వెళ్ళారని భానుచందర్ గారు అన్నారు. ఏం జరిగిందంటే చెప్పలేదు. మీరు చెప్పండి.

శ్రీరంజని

*

చంద్రగిరి,
9 మార్చి 2025

అమ్మా శ్రీరంజనీ,

నీ ఎడమచేతి అక్షరాలు నిటారుగా ఉన్నాయి. ఇకముందు అలాగే రాయి.

డిసెంబరు మొదటి ఆదివారం గౌసియాను తోడు తీసుకుని బస్సులో వెళ్ళాను. భానుచందర్ తలుపు తీశాడు. నేను పాత ముక్కను అతని చేతిలో పెట్టి, "ఇది నీదే. ఆ రోజే నాకు తెలుసు" అన్నాను. అతను ఎడమచేత్తో నా చొక్కా గొంతు దగ్గర పట్టుకుని గోడకు నా తల కొట్టాడు. రెండుసార్లు కొట్టాడు. కళ్ళ ముందు చీకటి కమ్మింది. అతని భార్య మోహన పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. గౌసియా మాత్రం కదల్లేదు. నేను చెంప చూపించి "కొట్టు" అన్నాను. అతను చెయ్యెత్తాడు, ఆ బొటనవేలు ఒక్కటే ఉన్న చెయ్యి. అది అలాగే గాలిలో ఆగిపోయింది. ఏదో అన్నాడు. గౌసియా కాగితం మీద రాసి చూపించింది: "ఏ సెవి మీద కొట్టేది సార్, మీకు రెండూ పొయినాయి గదా" అన్నాడట.

తరువాత అతను ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. వినబడని వాళ్ళిద్దరం గట్టిగట్టిగా మాట్లాడుకుంటుంటే పక్కింటివాళ్ళు జగడమనుకుని వచ్చారు. మోహన నా తలకు కట్టు కట్టి అన్నం పెట్టింది.

బయలుదేరేముందు అతను పెరట్లోకి వెళ్ళి పచ్చి ఇనుప ముక్క ఒకటి తెచ్చాడు. కోసిన గుర్తులు ఇంకా ఉన్నాయి. కాగితం మీద ఎడమచేత్తో రాసి ఇచ్చాడు: "దంచినారు గదా సార్. మళ్ళా సేసి ఇయ్యండి. మీ సేత్తోనే."

ఇంటి వెనక పాత వైస్ బిగించుకున్నాను. నాకిప్పుడు అరవై తొమ్మిది. చెయ్యి వణుకుతోంది, చూపు మసక. నా ఆకురాయి చప్పుడు నాకే వినబడదు. వినబడకపోతే ఎక్కడ గట్టిగా పట్టిందో తెలియదు, వేళ్ళతో తడుముకోవాలి. పిల్లలకు ఈ పని ఎంత కష్టమో నాకు ఈ వయసులో తెలిసింది. మొదటి నెలలో చేసింది తీసుకుని తడ వెళ్ళాను. భానుచందర్ మూలమట్టం ఆనించి ఎత్తి చూశాడు. నేను ఆ ఇంటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాను. తల అడ్డంగా ఊపాడు. "ఎలుతురు వస్తాండాది సార్" అన్నాడని పెదవులు చూసి తెలుసుకున్నాను. తిట్టలేదు, దంచలేదు. ఎక్కడ ఎత్తుగా ఉందో సుద్దముక్కతో గీత గీసి నా చేతికిచ్చాడు.

రెండోసారి వెళ్ళాను. గీత గీసి ఇచ్చాడు. మూడోసారి మొన్న వెళ్ళాను. గీత ఇంకా చిన్నదైంది, కానీ గీశాడు.

కౌస్తుభ్‌ను ఏప్రిల్లో చేరేముందు ఒకసారి నా దగ్గరికి పంపు. నేర్పడానికి కాదు. నా మోచెయ్యి ఎత్తు ఎక్కడ తప్పుతోందో చూసి చెప్పాలి.

పొద్దున కిటికీ దగ్గర నిలబడి మళ్ళీ చూసుకున్నాను. ఒక మూల వెంట్రుకంత వెలుతురు ఇంకా వస్తూనే ఉంది. అది పోయేదాకా అరగదీస్తాను. వెలుతురు రాని రోజున ముక్క మీద పదిహేడు అని అచ్చు కొట్టవలసింది అతనే.

సుల్తాన్